క్లేర్ ఎన్నిక: గెలిపించినవాళ్ల ఓటు ఏమైంది?

పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ రాజ్యంలో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదని అడిగితే చరిత్ర చదువుకున్నవాళ్లు ఎక్కువగా 1831 నాటి ఎన్నికలనో, 1868 నాటి ఎన్నికలనో చెబుతారు. నేను మాత్రం ఐర్లండు పడమటి తీరాన ఉన్న క్లేర్ కౌంటీలో, 1828 జులై మొదటి వారంలో, ఒకే ఒక్క స్థానానికి జరిగిన ఉప ఎన్నికను చెబుతాను. అందులో పోలైన ఓట్లు మూడు వేల పైచిలుకు మాత్రమే. కాథలిక్కు న్యాయవాది డేనియల్ ఓకానెల్‌కు 2,057 ఓట్లు, అప్పుడే మంత్రి పదవి అందుకున్న విలియం వీసీ ఫిట్జెరాల్డ్‌కు 982 ఓట్లు వచ్చాయి. ఆ ఫలితం వెలువడి ఏడాది తిరగకముందే ప్రధాని వెల్లింగ్టన్ ప్రభుత్వమూ, దాని వెనక నాలుగో జార్జి రాజూ తమ పట్టు వదులుకుని, కాథలిక్కులను పార్లమెంటులో కూర్చోనిచ్చే చట్టానికి ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ చరిత్ర సాధారణంగా ఓకానెల్ విజయగాథగా మనకు చేరుతుంది. ఎన్నిక జరిగిన ఎనిస్ పట్టణం నడిబొడ్డున ఎత్తైన స్తంభం మీద ఆయన విగ్రహం నిలబెట్టారు. ఆ గౌరవానికి ఆయన అర్హుడే. అయితే 1829 ఏప్రిల్ 13న రాజు ఆమోదం పొందిన చట్టాలు రెండు. మొదటిది కాథలిక్కులకు పార్లమెంటు సభ్యత్వాన్ని, దాదాపు అన్ని ప్రభుత్వ పదవులను అందుబాటులోకి తెచ్చింది. దానికి జతగా వచ్చిన రెండోది ఐర్లండు కౌంటీల్లో ఓటు హక్కుకు కావలసిన ఆస్తి అర్హతను నలభై షిల్లింగుల (రెండు పౌన్ల) నుంచి పది పౌన్లకు, అంటే ఒక్కసారిగా అయిదు రెట్లకు పెంచింది. దానితో సుమారు 2,16,000 మంది ఉన్న కౌంటీ ఓటర్లు సుమారు 37,000 మందికి తగ్గిపోయారు. క్లేర్‌లో ఓకానెల్‌ను గెలిపించిన రైతుల్లో అత్యధికులు ఆ తొలగించబడినవాళ్లలోనే ఉన్నారు. రెండో చట్టాన్ని మొదటిదానికి తోకలాగా, తప్పనిసరి రాజీలాగా ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ ఓటర్లు ఏం చేశారో, ఏ కారణంతో వాళ్ల ఓటు తీసేశారో తెలుసుకోకుండా క్లేర్ ఎన్నికను అర్థం చేసుకున్నామనుకోవడం కుదరదు.

మొదట ఈ నలభై షిల్లింగుల ఓటరు ఎవరో చెప్పాలి. ఒక భూమి మీద, చెల్లించవలసిన కౌలు పోను, ఏడాదికి నలభై షిల్లింగుల విలువైన హక్కు ఉన్నవాడు కౌంటీ ఎన్నికల్లో ఓటు వేయవచ్చన్నది పదిహేనో శతాబ్దం నుంచీ ఇంగ్లండులో ఉన్న నియమం. ఇంగ్లండులో ఇలాంటివాడు చాలావరకు సొంత భూమి గల చిన్న రైతు. ఐర్లండులో అలా కాదు. అక్కడ భూమిలో చాలా భాగం కొద్దిమంది ప్రొటెస్టెంటు భూస్వాముల చేతుల్లో ఉండేది. పేర్లు రాసిన ఇద్దరి ముగ్గురి జీవితకాలం పాటు చెల్లే కౌలు పట్టా ఉన్నవాడిని కూడా చట్టం ఆ భూమికి హక్కుదారుగానే లెక్కించేది కాబట్టి, ఆ పట్టా చేతిలో ఉన్న బీద రైతు ఓటరు అయ్యేవాడు. 1793లో ఐర్లండు కాథలిక్కులకు ఓటు హక్కు రావడంతో భూస్వాములకు ఇది గొప్ప అవకాశంగా కనిపించింది. ఎంత ఎక్కువమందికి ఇలాంటి పట్టాలు రాసిస్తే కౌంటీలో తమ చేతిలో అన్ని ఎక్కువ ఓట్లు ఉంటాయి, లండన్ ప్రభుత్వం దగ్గర అంత పలుకుబడి ఉంటుంది. అందుకని వాళ్లు చిన్న చిన్న కమతాలుగా భూమిని చీల్చి, పట్టాలు రాసి, ఓటర్లను తయారు చేశారు.

ఓటు రహస్యంగా వేసే పద్ధతి బ్రిటన్‌లోనూ ఐర్లండులోనూ 1872 దాకా లేదు. కౌంటీ కేంద్రంలో కోర్టు భవనం దగ్గర అధికారి ముందు నిలబడి, తన పేరు, తన భూమి, తాను ఎవరికి ఓటు వేస్తున్నదీ నోటితో చెప్పాలి. ఆ మాట భూస్వామి గుమాస్తా వింటూ ఉంటాడు, రాసుకుంటాడు. కౌలు బకాయి లేని బీద రైతు ఐర్లండులో అరుదు, ఎందుకంటే పంట అమ్మి కట్టేలోగా ఒక విడత బకాయి ఉండటం అక్కడ మామూలు వాడుక. భూస్వామికి కోపం వస్తే ఆ బకాయిని ఒక్కసారిగా అడగవచ్చు, పశువులను జప్తు చేయవచ్చు, చివరికి ఇల్లు ఖాళీ చేయించవచ్చు. ఈ ఏర్పాటు ముప్పై ఏళ్లకు పైగా భూస్వాములు కోరుకున్నట్టే సాగింది. ఎన్నికలొచ్చినప్పుడు గుమాస్తా వెంట కౌలుదార్లు గుంపుగా వెళ్లి ఆయన చెప్పిన పేరు చెప్పి వచ్చేవారు. ఆ కాలమంతా ఈ ఓటర్లకు స్వతంత్రత లేదనీ, కాబట్టి వాళ్ల ఓటు తీసేయాలనీ అడిగినవాళ్లు లేకపోలేదు గాని, అలా అడిగిన గొంతును అధికారంలో ఉన్నవాళ్లు చాలాకాలం పట్టించుకోలేదు. ఈ విషయం గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే 1829లో ఓటు తీసేయడానికి సరిగ్గా ఇదే కారణం చెప్పారు.

రెండో అంశం ప్రమాణాలు. కాథలిక్కు ఓటు వేయవచ్చు గాని సభ్యుడిగా కూర్చోలేడు. అతన్ని పోటీ చేయవద్దని ఏ చట్టమూ చెప్పలేదు. సభలో అడుగు పెట్టాక చేయవలసిన ప్రమాణాలే అడ్డు. రాజుకు మతవిషయాల్లో సర్వాధికారం ఉందని ఒప్పుకోవాలి, కాథలిక్కుల ఆరాధన మూఢాచారమని, విగ్రహారాధన అని ప్రకటించాలి. ఏ నిజమైన కాథలిక్కూ ఈ మాటలు నోటితో అనలేడు. 1801లో ఐర్లండును బ్రిటన్‌తో కలిపినప్పుడు ఈ అడ్డు తొలగిస్తామన్న ఆశ పెట్టి, పట్టాభిషేకం నాడు తాను చేసిన ప్రమాణానికి అది విరుద్ధమంటూ మూడో జార్జి ఒప్పుకోకపోవడంతో ప్రధాని పిట్ రాజీనామా చేశాడు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా బిల్లులు వస్తూ పోతూ ఉన్నాయి. దిగువ సభ అయిన కామన్స్‌లో గట్టెక్కినవి కూడా ఎగువ సభ అయిన లార్డ్స్‌లో మునిగిపోయేవి.

1823లో ఓకానెల్, రిచర్డ్ లాలర్ షీల్ కలిసి కాథలిక్ అసోసియేషన్ స్థాపించారు. మరుసటి ఏడాది నుంచి నెలకు ఒక పెన్నీ చందా వసూలు చేసే పద్ధతి మొదలుపెట్టారు. ఆ పెన్నీ మూలంగా అంతవరకూ వకీళ్ల, వర్తకుల వ్యవహారంగా ఉన్న ఉద్యమం ప్రతి పారిష్‌కూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్లకూ చేరింది. చందా వసూలు చేసేది పారిష్ పాదరీలు. నెలనెలా ఇచ్చే ఆ పెన్నీ ఒక బీద కౌలుదారును ఒక దేశవ్యాప్త సంఘంలో సభ్యుణ్ని చేసింది. తన వెనక ఇంకా ఎందరో ఉన్నారన్న ధైర్యం అతనికి మొదటిసారి కలిగింది అక్కడే. 1826 సార్వత్రిక ఎన్నికల్లో ఆ ధైర్యం బయటపడింది. వాటర్‌ఫర్డ్ కౌంటీలో బెరెస్‌ఫర్డ్ కుటుంబం తరతరాలుగా తనదనుకున్న స్థానంలో ఆ ఇంటి కౌలుదార్లే ఎదురు తిరిగి, కాథలిక్కుల పక్షాన ఉన్న ప్రొటెస్టెంటు అభ్యర్థి విలియర్స్ స్టూవర్ట్‌ను గెలిపించారు. లౌత్, మొనహన్, వెస్ట్‌మీత్ కౌంటీల్లోనూ ఇలాగే జరిగింది. కక్ష సాధింపులు మొదలయ్యాయి. అసోసియేషన్ నిధి నుంచి ఆ కౌలుదార్లకు కొంత సాయం అందింది. అయినా తర్వాత ఏం జరుగుతుందో తెలియనివాడు ఆ కౌంటీల్లో ఒక్కడూ ఉండడు. రెండేళ్ల తర్వాత క్లేర్ రైతులు ఓటు వేయడానికి బయలుదేరినప్పుడు, వాటర్‌ఫర్డ్ అనుభవం తెలిసే బయలుదేరారు.

క్లేర్ ఎన్నిక రావడానికి కారణం లండన్‌లో మంత్రివర్గ మార్పు. మంత్రి పదవి తీసుకున్న సభ్యుడు మళ్లీ తన నియోజకవర్గంలో ఎన్నిక కావాలన్నది అప్పటి నియమం. 1828 మే నెలలో మంత్రి హస్కిసన్, ఆయన వర్గం ప్రభుత్వం నుంచి బయటికి పోగా, వాణిజ్య మండలి అధ్యక్ష పదవి క్లేర్ సభ్యుడైన ఫిట్జెరాల్డ్‌కు దక్కింది. ఆయన చెడ్డ భూస్వామి కాదు. కాథలిక్కుల హక్కులకు అనుకూలంగా సభలో ఓటు వేస్తూ వచ్చినవాడు. ఆయన తండ్రి 1799లో ఐర్లండు విలీనాన్ని వ్యతిరేకించి పదవి పోగొట్టుకున్నవాడు. అలాంటి మనిషి మీద పోటీ ఎందుకని అడిగినవాళ్లకు అసోసియేషన్ ఇచ్చిన సమాధానం స్పష్టం: కాథలిక్కుల హక్కులను నిరాకరిస్తున్న ప్రభుత్వంలో ఎవరు పదవి తీసుకున్నా, ఆయన వ్యక్తిగతంగా ఎంత మంచివాడైనా, ఎదిరించాలి. మొదట మేజర్ మక్‌నమారా అనే స్థానిక ప్రొటెస్టెంటును అడిగారు, ఆయన కాదన్నాడు. అప్పుడు ఓకానెల్ తానే నిలబడతానన్నాడు. జూన్ 24న విడుదల చేసిన ప్రకటనలో, ఆ ప్రమాణం తాను ఎన్నటికీ చేయననీ, మీరు గెలిపిస్తే ఆ ప్రమాణాన్నే తొలగించవలసి వస్తుందనీ క్లేర్ ఓటర్లకు చెప్పాడు.

ఎనిస్‌లో పోలింగు జరిగిన ఆ అయిదు రోజుల గురించి షీల్ వివరంగా రాశాడు. ఆయన ఓకానెల్ పక్షం మనిషే గాని, ఇష్టం లేని విషయాలు కూడా దాచలేదు. వేల మంది జనం ఆ చిన్న పట్టణంలోకి వచ్చారు. ఐర్లండు ఎన్నికలంటే తాగుడూ, కర్రసాములూ, తలలు పగలడమూ. ప్రభుత్వం అల్లర్లు జరుగుతాయని చుట్టుపక్కల సైన్యాన్ని సిద్ధం చేసి ఉంచింది. సారా ముట్టవద్దని పాదరీలూ, నాయకులూ చెప్పారు, జనం ఆ మాట పాటించారు. లండన్‌ను అన్నిటికన్నా భయపెట్టినది ఆ క్రమశిక్షణేనని నేను నమ్ముతాను. అల్లరి చేసే గుంపును సైన్యంతో అణచవచ్చు. మాట మీద నిలబడి, తాగకుండా, పారిష్ వారీగా వరసల్లో వచ్చి, అధికారి ముందు తన భూస్వామికి వ్యతిరేకంగా ఒక పేరు చెప్పి వెళ్లే గుంపును ఏం చేయాలో ఏ ప్రభుత్వానికీ తెలియదు.

నామినేషన్ రోజున ఫిట్జెరాల్డ్ ప్రసంగం చాలా గొప్పగా సాగిందని షీల్ ఒప్పుకున్నాడు. జబ్బుతో ఉన్న తన తండ్రి గురించి మాట్లాడుతూ ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు, వింటున్న కొందరు కదిలిపోయారు. ఓకానెల్ సమాధానం కఠినంగా ఉంది. మర్యాదను పక్కన పెట్టి, ఫిట్జెరాల్డ్ ఎవరి సరసన కూర్చున్నాడో, ఎవరి నుంచి పదవులు తీసుకున్నాడో లెక్కపెట్టి చెప్పాడు. ఈ వాగ్యుద్ధాల గురించి చరిత్రకారులు పేజీలు రాశారు. నాకు వాటికన్నా ఆ తర్వాత వచ్చిన వరసలు ముఖ్యం. డ్రోమోలండ్ కోటలో ఉండే సర్ ఎడ్వర్డ్ ఓబ్రైన్ క్లేర్‌లో పెద్ద భూస్వాముల్లో ఒకడు. తన కౌలుదార్లు తనను దాటి పోరని అనుకున్నాడు, పోయారు. చాలా ఎస్టేట్లలో ఇదే జరిగింది. ఓడిపోయాక ఫిట్జెరాల్డ్ హోం మంత్రి రాబర్ట్ పీల్‌కు రాసిన ఉత్తరంలో, పెద్ద కుటుంబాల పలుకుబడి అంతా కుప్పకూలిందని, కౌలుదార్లు మూకుమ్మడిగా వదిలి వెళ్లారని, ముందు రాబోయేది తలచుకుంటే భయం వేస్తోందని చెప్పుకున్నాడు.

ఇక్కడ ఎప్పుడూ వినిపించే ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. ఈ రైతులు స్వతంత్రంగా ఓటు వేయలేదు, భూస్వామి మాట విడిచి పాదరీ మాట విన్నారు, యజమాని మారాడు తప్ప బానిసత్వం మారలేదు అన్నది ఆనాటి సంప్రదాయవాద పక్షమైన టోరీల మాట. చాలామంది చరిత్రకారులూ దాన్ని మరికాస్త మర్యాదగా చెప్పారు. పాదరీల ప్రభావం గట్టిగా ఉన్న మాట నిజం. కోరోఫిన్ పారిష్ పాదరీ ఫాదర్ మర్ఫీ ఓటర్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఫిట్జెరాల్డ్‌కు ఓటు వేసిన కాథలిక్కు ఒకడు అప్పుడే హఠాత్తుగా చనిపోయాడని ఒక పాదరీ ప్రకటిస్తే, జనమంతా మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశారని షీల్ రాశాడు. ఆ ప్రకటన ఓటర్ల మీద ఎలాంటి ఒత్తిడి తెచ్చి ఉంటుందో ఊహించవచ్చు. దాన్ని నేను సమర్థించను.

కాని పాదరీకి, భూస్వామికి ఉన్న తేడాను ఈ వాదన చూడదు. పాదరీ ఇల్లు ఖాళీ చేయించలేడు, ఆవును తోలుకుపోలేడు. ఆయన బతికేది ఆ రైతులు ఇచ్చే చందాల మీదే. చాలామంది పాదరీలు ఆ రైతుల ఇళ్ల నుంచి, లేదా వాళ్లకన్నా కాస్త మెరుగైన రైతుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల ఐరిష్ భాషే మాట్లాడేవాళ్లు. ఒకరి మాట వినడమే బానిసత్వం అయితే ఏ ఎన్నికలోనూ స్వతంత్రుడైన ఓటరు ఉండడు. అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ ఓటు వేయడం వల్ల నష్టపోయేది ఎవరు? భూస్వామి చెప్పినట్టు ఓటు వేసినవాడికి నష్టం లేదు. ఓకానెల్‌కు ఓటు వేసినవాడు తన ఇంటి కప్పునూ, కమతాన్నీ పందెం కాశాడు. తెలిసి, అందరి ముందూ, బిగ్గరగా తన భూస్వామికి వ్యతిరేకంగా పేరు చెప్పాడు. పైగా తాను గెలిపించే మనిషి సభలో కూర్చోవడం వల్ల తనకు నేరుగా ఒరిగేది దాదాపు ఏమీ లేదు. పార్లమెంటు సభ్యుడు కావాలంటే కావలసిన ఆస్తి, మంత్రి పదవులు, న్యాయమూర్తి పదవులు ఇవేవీ ఆ రైతు ఇంటి గడప తొక్కేవి కావు. అవి ఓకానెల్ వంటి వకీళ్లకు, పట్టణ వర్తకులకు, కాథలిక్కు జమీందార్లకు దక్కేవి. అంత పెద్ద నష్టానికి సిద్ధపడి, అంత తక్కువ సొంత లాభం కోసం వేసిన ఓటును బానిస ఓటు అనడానికి నాకు మనసు రాదు.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చే సంఘటన ఒకటి ఉంది. 1937లో మద్రాసు శాసనసభ ఎన్నికల్లో, అప్పటి మద్రాసు ప్రధానమంత్రి (నేటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయిన బొబ్బిలి రాజాను ఆయన సొంత బొబ్బిలిలోనే వి. వి. గిరి ఓడించారు. జమీందారీ ఊళ్లలో జమీందారుకు వ్యతిరేకంగా ఓటు వేయడమంటే ఏమిటో ఉత్తరాంధ్ర రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. అక్కడ ఓటు రహస్యంగా వేశారు, క్లేర్‌లో బహిరంగంగా. ఆ తేడా వల్ల క్లేర్ రైతుల తెగువ మీద నా గౌరవం ఇంకా పెరుగుతుంది. మద్రాసులోనూ 1937 నాటి ఓటు ఆస్తి, పన్ను, చదువు అర్హతల మీద ఆధారపడినదే. వెస్ట్‌మినిస్టర్‌లో పుట్టిన ఆ ఆలోచన, అంటే ఆస్తి ఉన్నవాడికే తీర్పు చెప్పే అర్హత ఉంటుందన్న ఆలోచన, మన నేల మీద 1951-52 ఎన్నికల దాకా బతికే ఉంది.

ఓటమి కబురు అందాక వెల్లింగ్టన్, పీల్ ఇద్దరూ వాస్తవాన్ని త్వరగానే గ్రహించారు. తర్వాతి సార్వత్రిక ఎన్నికల్లో ఐర్లండులోని ప్రతి కౌంటీ ఒక క్లేర్ కావచ్చు. పదుల సంఖ్యలో కాథలిక్కులు గెలిచి, ప్రమాణం చేయలేక బయట నిలబడితే, ఐర్లండుకు పార్లమెంటులో ప్రాతినిధ్యమే ఉండదు. వెల్లింగ్టన్‌కు యుద్ధమంటే ఏమిటో తెలుసు. అంతర్యుద్ధం ఒక్క నెల తప్పించడానికైనా తన ప్రాణం ఇస్తానని లార్డ్స్ సభలో అన్నాడు. రాజు ఎదురు తిరిగాడు. 1829 మార్చి 4న మంత్రులంతా రాజీనామా చేసే దాకా వచ్చింది, ఇంకెవరూ ప్రభుత్వం ఏర్పాటు చేయలేరని తెలిసి అదే రాత్రి రాజు దిగివచ్చాడు. మాట మార్చినందుకు పీల్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ స్థానానికి రాజీనామా చేసి, మళ్లీ పోటీ చేసి ఓడిపోయి, వేరే చోటి నుంచి సభకు రావలసి వచ్చింది. బిల్లు కామన్స్‌లో 320-142, లార్డ్స్‌లో 213-109 తేడాతో గట్టెక్కింది. ఈ కథంతా ఉత్కంఠగా ఉంటుంది కాబట్టి ఎవరు చెప్పినా ఇక్కడే ఎక్కువసేపు ఆగుతారు. నేను జత బిల్లు దగ్గర ఆగుతాను.

జత బిల్లును సమర్థిస్తూ పీల్ చెప్పిన మాట నిజాయితీ గలది. భూస్వామి ఎంతో శ్రద్ధగా తయారు చేసుకుని, ఇంతకాలం విజయవంతంగా వాడుకున్న ఆయుధం ఆయన చేతిలోనే విరిగిపోయిందని ఆయన సభలో ఒప్పుకున్నాడు. ఇందులోనే అసలు కారణం మొత్తం ఉంది. ఈ ఓటర్లు బీదవాళ్లనీ, చదువు లేనివాళ్లనీ, ఇతరుల మాట మీద నడిచేవాళ్లనీ బిల్లు సమర్థకులు చెప్పారు. 1793 నుంచి 1826 దాకా కూడా వాళ్లు బీదవాళ్లే, చదువు లేనివాళ్లే, ఇతరుల మాట మీద నడిచినవాళ్లే. అప్పుడు వాళ్ల ఓటు ఎవరికీ ప్రమాదంగా తోచలేదు. మాట వినడం మానేశాకే అది ప్రమాదమైంది. ఇంగ్లండులో నలభై షిల్లింగుల ఓటును ఎవరూ ముట్టుకోలేదు, 1832 సంస్కరణ చట్టం కూడా దాన్ని చాలావరకు అలాగే ఉంచింది. ఒకే రాజు, ఒకే పార్లమెంటు, ఒకే పేరు గల ఓటు హక్కు; సముద్రానికి ఇవతల ఉంచదగినది, అవతల తీసేయదగినది అయింది. ఐర్లండు పట్టాలు నకిలీవనీ, భూస్వాములు పుట్టించినవనీ అన్న వాదనలో కొంత నిజం ఉంది. నకిలీ ఓట్లే సమస్య అయితే పట్టాల నమోదును కట్టుదిట్టం చేస్తే సరిపోయేది. అర్హతను అయిదు రెట్లు పెంచి, అసలైనవాడినీ నకిలీవాడినీ ఒకే దెబ్బతో తీసేయనక్కరలేదు.

ఓకానెల్ పాత్రను ఇప్పుడు సూటిగా చూడాలి. 1825లోనే కాథలిక్కు బిల్లుకు రెండు షరతులు జోడించి, వాటిలో ఒకటిగా నలభై షిల్లింగుల ఓటు రద్దును పెడితే, ఆయన ఒప్పుకున్నాడు. ఆ బిల్లు లార్డ్స్ సభలో పడిపోయింది. ఒప్పుకున్నందుకు సొంత పక్షంలోనే విమర్శ వచ్చింది. 1826 తిరుగుబాటు చూశాక ఈ ఓటర్ల విలువ తనకు ముందు తెలియలేదని అన్నాడు. క్లేర్ తర్వాత, వాళ్లను వదులుకునే ఏ ఒప్పందానికీ సిద్ధపడబోనని గట్టిగా మాట ఇచ్చాడు. 1829లో జత బిల్లు వచ్చినప్పుడు నిరసన తెలిపాడు, అంతే. క్లేర్‌లో అయిదు రోజుల్లో ఒక దేశాన్ని కదిలించిన మనిషి, లక్షా డెబ్భై వేల మందికి పైగా తన ఓటర్ల హక్కు పోతుంటే ఐర్లండులో ఒక్క పెద్ద సభ పెట్టలేదు. అసోసియేషన్ అప్పటికే తనను తాను రద్దు చేసుకుంది.

ఆయన్ను సమర్థించేవాళ్ల వాదన నాకు తెలుసు, దాని బరువూ తెలుసు. జత బిల్లును అడ్డుకుంటే అసలు బిల్లే పోయేది. రాజు సాకు కోసం చూస్తున్నాడు, లార్డ్స్‌లో పలువురు అయిష్టంగానే ఓటు వేస్తున్నారు. నూట ముప్పై ఏళ్లకు పైగా మూసి ఉన్న తలుపు తెరుచుకుంటున్న క్షణంలో ఇంకొక మెలిక పెట్టడం బాధ్యత గల నాయకుడు చేయవలసిన పని కాదు. ఈ వాదన సరైనది కావచ్చు. అయినా అది ఓకానెల్ రాజీపడటాన్ని సమర్థిస్తుందే గాని, మౌనాన్ని సమర్థించదు. ఎవరి ఓటుతో గెలిచాడో వాళ్లను అడగకుండా, వాళ్ల ఓటును ధరగా చెల్లించాడు. మీరు నా కోసం పందెం కాశారు, నేను మీ హక్కును కాపాడలేకపోయాను అని ఎనిస్ కోర్టు భవనం ముందు నిలబడి చెప్పే బాధ్యత ఆయనకు ఉంది.

దీని ఫలితం ఎంత విచిత్రంగా తేలిందో చూడండి. 1829 మే 15న ఓకానెల్ కామన్స్ సభలోకి వెళ్లాడు. కొత్త చట్టం ఆ తర్వాత ఎన్నికైన కాథలిక్కులకే వర్తిస్తుందని చెప్పి పాత ప్రమాణ పత్రం చేతికిచ్చారు. 190-116 ఓట్ల తేడాతో సభ ఆ నిర్ణయాన్నే ఖాయం చేసింది. పత్రం చదివి, అందులో ఒక విషయం అబద్ధమని తనకు తెలుసనీ, ఇంకొకటి నిజమని తాను నమ్మడం లేదనీ చెప్పి ఆయన బయటికి వచ్చాడు. క్లేర్‌లో మళ్లీ ఎన్నిక పెట్టారు. జులై 30న ఆయన పోటీ లేకుండా గెలిచాడు. ఒకవేళ పోటీ ఉండి ఉంటే, ఏడాది క్రితం ఆయన్ను గెలిపించిన నలభై షిల్లింగుల రైతు ఎనిస్ దాకా నడిచి వచ్చినా అధికారి అతని పేరు రాసుకునేవాడు కాదు.

ఓటు పోవడం ఒక్క ఎన్నికతో ముగిసే నష్టం కాదు. ఓటు ఉన్నంతకాలం భూస్వామికి చిన్న కౌలుదారు తన భూమి మీద ఉండటం వల్ల ఒక లాభం ఉండేది. అది పోయాక, చిన్న కమతాలను కలిపేసి పశువుల మేతకు వదలడమే లాభసాటి అయినప్పుడు, ఆ మనిషిని అట్టిపెట్టుకోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి తగ్గింది. తర్వాతి కాలపు ఖాళీ చేయింపులన్నిటికీ ఇదే కారణమని నేను అనను. ధరలు పడిపోవడం, జనాభా పెరగడం, 1845 తర్వాత వచ్చిన మహా కరువు ఇవన్నీ ఉన్నాయి. కాని ఆ కరువు కాలంలో క్లేర్ కౌంటీలోనే కిల్‌రష్ ప్రాంతంలో వేల కుటుంబాలను ఇళ్లు కూల్చి వెళ్లగొట్టినప్పుడు, ఆ జనానికి తమ సభ్యుణ్ని నిలదీసే ఓటు లేదన్నది నిజం.

ఓకానెల్‌కు కూడా ఇది నష్టమే అయింది. 1830ల నుంచి ఆయన పెట్టుకున్న పెద్ద లక్ష్యం ఐర్లండు విలీనాన్ని రద్దు చేయించడం. 1832లో వచ్చిన ఐర్లండు సంస్కరణ చట్టం కౌంటీ ఓటర్లను కొంత పెంచింది గాని నలభై షిల్లింగుల హక్కును తిరిగి ఇవ్వలేదు. విలీన రద్దు కోసం 1843లో లక్షల మంది సభలకు వచ్చారు, అంత జనాన్ని యూరప్‌లో అప్పటికి ఎవరూ అలా కూడగట్టలేదు. ఆ లక్షల్లో ఓటు ఉన్నవాళ్లు చాలా తక్కువ. క్లేర్‌లో లండన్‌ను లొంగదీసింది జనం సంఖ్య ఒక్కటే అయి ఉంటే 1843 కూడా గెలిచేది. 1828లో ఆ జనం చేతిలో ఓటు ఉంది, 1843లో లేదు. డబ్లిన్ దగ్గరి క్లోంటార్ఫ్‌లో తలపెట్టిన సభను ప్రభుత్వం నిషేధించింది, ఓకానెల్ సభను రద్దు చేశాడు, ఉద్యమం అక్కడి నుంచి కోలుకోలేదు.

ఐర్లండు కౌంటీల్లో చిన్న రైతు ఓటు మళ్లీ పెద్ద సంఖ్యలో తిరిగొచ్చింది 1850 చట్టంతో. పన్నెండు పౌన్ల విలువ గల భూమిని సాగు చేస్తున్నవాడికి, పట్టా ఉన్నా లేకున్నా, ఓటు వచ్చింది. నలభై షిల్లింగుల రైతు అప్పటికి కూడా ఆ గీతకు కిందనే ఉన్నాడు. క్లేర్ ఎన్నికను 2,057 ఓట్లతో ఒక నాయకుడు గెలిచిన ఎన్నికగా రాస్తున్నప్పుడు, ఆ ఓట్లలో చాలా భాగం వేసిన చేతులకు పార్లమెంటు మరుసటి ఏడాదే ఓటు లేకుండా చేసిందన్న వాక్యం కూడా అదే పేరాలో, అదే అక్షరాల సైజులో ఉండాలని నేను కోరుతున్నాను.